శక్కర్‌నగర్‌కు చెరకు రాని కాలం

బోధన్‌లోని నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీ ఎప్పుడు మూతపడిందని అడిగితే కాగితాలు 2015 డిసెంబర్ 23 అని చెబుతాయి. ఆ రోజు యాజమాన్యం లే ఆఫ్ ప్రకటించింది. బోధన్ శక్కర్‌నగర్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి, సంస్థకున్న మూడు యూనిట్లలోనూ ఒకేసారి గేట్లు పడ్డాయి. అప్పటికి బోధన్ ఫ్యాక్టరీ వయసు డెబ్బై ఎనిమిదేళ్లు. ఆ ఒక్క నోటీసే దాని ప్రాణం తీసిందంటే నేను ఒప్పుకోలేను. దానికి ప్రాణం పోసిన నీళ్లు పాతికేళ్ల ముందే వేరే దారి పట్టాయి. దాని పొలాలు దఫదఫాలుగా చేజారాయి. రైతుకూ కాటాకూ మధ్య ఉండిన నమ్మకం ఏనాడు తెగిందో ఏ రికార్డులోనూ రాసి లేదు. నిజాం షుగర్స్ గాథను ఆ తెగిపోయిన వరసలోనే చెప్పుకోవాలి.

మొదట వచ్చింది ఆనకట్ట. 1923లో మంజీర మీద అచ్చంపేట, బంజెపల్లి ఊళ్ల మధ్య పని మొదలుపెట్టి 1931కి నిజాంసాగర్‌ను పూర్తి చేశారు. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టిన జూలై 11ను తెలంగాణ ఇప్పుడు ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటోంది. జలాశయంలో నిలవ దాదాపు 29.7 టీఎంసీలు, సాగు లక్ష్యం 2.75 లక్షల ఎకరాలు. దాని ముంపు కింద నలభై దాకా ఊళ్లు ఖాళీ అయ్యాయి. బాన్సువాడ, వర్ని, బోధన్ మీదుగా కాలువ పారింది. అప్పటిదాకా చెరువు నిండితే వరి, నిండకపోతే జొన్న అన్నట్టు బతికిన నేలకు ఏడాది పొడుగునా తడి దొరికింది. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు ఎడ్లతో, పిల్లాజెల్లాతో వచ్చి ఈ కాలువల వెంట గుడిసెలు వేసుకున్నారు. వాళ్లు దిగిన చోట్లు నేటికీ క్యాంపులనే పిలుపుతోనే ఊళ్లుగా నిలిచి ఉన్నాయి.

కాలువ పారిన ఆరేళ్లకు, 1937లో, నిజాం షుగర్ ఫ్యాక్టరీ కంపెనీ ఏర్పడింది. అంతటి నీటికి తగిన పంట చెరకు. అంతటి చెరకుకు తగిన మిల్లు కావాలి. మిల్లుకు ఎప్పుడూ మేత తగ్గకుండా వేల ఎకరాల సొంత వ్యవసాయ క్షేత్రాలు పెట్టారు. ఆ పొలాల నుంచి చెరకు మోయడానికి చిన్న పట్టాలు వేశారు. చక్కెర బస్తాలు బయటి ఊళ్లకు పోవడానికి జానకంపేట నుంచి బోధన్‌కు రైలు దారి ఉంది. ఈ నేలకు ఏ రకం చెరకు సరిపోతుందో తేల్చడానికి రుద్రూరులో పరిశోధన స్థానం ఉంది. రసం తీయగా మిగిలిన పిప్పి బాయిలర్‌లోకి, చక్కెర తీయగా మిగిలిన మడ్డి డిస్టిలరీలోకి, వడపోతలో దిగిన మట్టిలాంటి పదార్థం ఎరువుగా మళ్లీ పొలంలోకి పోయేవి. పనివాళ్లకు కాలనీ, ఆస్పత్రి, బడి ఉండేవి. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ మాదని బోధన్ జనం తరతరాలుగా చెప్పుకున్నారు.

నిజాం పాలనను పొగడడానికి ఇదంతా రాయడం లేదు. ఆ రోజుల్లోనే, ఆ రాజ్యంలోనే, వెట్టి చాకిరీ ఉంది, లెవీ ధాన్యం కోసం గరిసెలు ఊడ్చడం ఉంది, దొర గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడడం ఉంది. అయినా మంజీర ఒడ్డున జరిగిన ఈ ఒక్క పనిలో ఒక క్రమం కనిపిస్తుంది. నీరు, నేల, విత్తనం, బండి, మిల్లు, రైలు ఒకదాని వెనక ఒకటి, ఒకదాని కోసం ఒకటి వచ్చాయి. ఇప్పుడు ఆహార శుద్ధి పార్కుల శంకుస్థాపన సభల్లో ఎంతో గొప్పగా వినిపించే మాటలన్నీ తొంభై ఏళ్ల కిందట ఇక్కడ నేల మీద పని చేస్తూ కనిపించాయి. మనం పోగొట్టుకున్నది ఎంతటిదో తెలియాలంటే దాని పని తీరు కొంచెం దగ్గరగా చూడాలి.

చెరకు ఆగే పంట కాదు. వడ్లు కల్లంలో కొన్నాళ్లు ఆగుతాయి. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ము మంచి ధర కోసం గోదాములో ఏడాదైనా ఆగుతుంది. చెరకును నరికిన గంట నుంచే అందులో తీపి విరగడం మొదలవుతుంది, ఎండకు బరువు తగ్గుతుంది. ఒక రోజు దాటకుండా రోలర్ల కింద పడితేనే రైతుకూ మిల్లుకూ గిట్టుబాటు. అందుకని మిల్లు ఫీల్డ్‌మన్ ఊరూరా తిరిగి ఎవరిది మొక్క తోట, ఎవరిది నరికిన మొదళ్ల నుంచి మళ్లీ చిగిర్చిన కార్శి తోట, ఏది ఎప్పుడు పక్వానికి వస్తుందో రాసుకునేవాడు. ఆ లెక్క ప్రకారం కటింగ్ ఆర్డర్లు వచ్చేవి. ఆర్డరు చేతికొచ్చాకే కత్తి పట్టాలి. పండగలు దాటాక బాయిలర్‌కు పూజ చేసి నిప్పు రాజేస్తే, ఆ చలికాలం మొదలు ఎండలు ముదిరేదాకా మిల్లు రాత్రింబవళ్లు ఆడేది. కాటా ముందు బండ్ల వరస కిలోమీటర్ల పొడుగున ఉండేది. బండి కిందే వంట, బండి కిందే నిద్ర. ఆ నాలుగైదు నెలలు బోధన్ బజారులో బట్టల కొట్టు, బంగారం కొట్టు, చిట్టీల వ్యాపారం అన్నీ ఆ కాటా చీటీని నమ్ముకుని నడిచేవి.

లోపల పని ఇంకో విద్య. పిండిన రసాన్ని సున్నంతో, గంధకపు పొగతో శుభ్రం చేసి, మరిగించి చిక్కబరిచి, పాన్‌లోకి ఎక్కిస్తారు. అక్కడ పాన్‌మన్ రాజు. ఉడుకుతున్న పాకంలో కొంచెం గాజు పలక మీదికి తీసుకుని, దీపానికి ఎదురుగా పట్టి, గింజ ఎలా కడుతోందో కళ్లతో చూసి ఆవిరి పెంచాలో నీళ్లు కలపాలో చెప్పేవాడు. పుస్తకంలో ఉన్నది పావు వంతు, మిగతాది పదేళ్లు ఒక పెద్ద పాన్‌మన్ పక్కన నిలబడి నేర్చుకున్నది. క్వింటా చెరకుకు పది కిలోల చక్కెర వస్తుందా, తొమ్మిదికే ఆగుతుందా అన్నది కొంత పొలం చేతిలో, కొంత ఈ మనిషి చేతిలో ఉండేది. అట్లాంటి మనుషులు శక్కర్‌నగర్‌లో తండ్రి వెనక కొడుకుగా వచ్చారు.

ఇదంతా ఒక ఒప్పందం మీద ఆధారపడి ఉంది. రైతు తన చెరకును బెల్లం గానుగకు మళ్లించకూడదు. మిల్లు తన మాట ప్రకారం నరికించి, తూచి, డబ్బు కట్టాలి. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో సొమ్ము చెల్లించాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. దేశంలో ఎన్ని మిల్లులు ఈ మాటను నిలబెట్టుకున్నాయో చెరకు రైతులను అడిగితే తెలుస్తుంది. అయినా ప్రభుత్వ ఫ్యాక్టరీ అన్న ధీమా చాలాకాలం పనిచేసింది. డబ్బు కొంచెం ఆలస్యమైనా ఎగ్గొట్టరని రైతు నమ్మాడు. ఆ నమ్మకమే పెట్టుబడిగా నిజాం షుగర్స్ జహీరాబాద్, మిర్యాలగూడ, హిందూపురం, ఉత్తరాంధ్రలో లచ్చయ్యపేట దాకా యూనిట్లు విస్తరించుకుంది.

మొదటి దెబ్బ పైనుంచి, మంజీర ఎగువ నుంచి వచ్చింది. హైదరాబాద్ పెరిగింది, దాని దాహం పెరిగింది. 1980ల చివరికి నిజాంసాగర్‌కు ఎగువన సింగూరు జలాశయం దాదాపు 30 టీఎంసీల నిలవతో సిద్ధమైంది. నగరానికి తాగునీళ్లు ఇవ్వడం తప్పని ఎవరూ అనరు, నేనూ అనను. కృష్ణా, గోదావరి నీళ్లు పైపుల్లో వచ్చేదాకా లక్షల ఇళ్ల కుండలు నింపింది మంజీరే. కానీ ఆ నీటి లెక్కలో బోధన్ చెరకును ఎవరూ రాసుకోలేదు. ఇవతల నిజాంసాగర్ అడుగున ఒండ్రు పేరుకుని 29.7 టీఎంసీల నిలవ 17.8కి కుంగింది. కాలువ చివరి భూములకు నీళ్లు అందడం మానేశాయి. తర్వాతి కాలంలో ఆ చివరి భూముల కోసం అలీసాగర్, గుత్ప ఎత్తిపోతల పథకాలు పెట్టి గోదావరి నీటిని పంపులతో తేవాల్సి వచ్చింది. చెరకుకు పది పన్నెండు నెలలు తడి కావాలి. ఈ ఏడు కాలువ వస్తుందో రాదో తెలియని రైతు చెరకు ముక్క నాటడు. బోరు వేసి, కరెంటు కోసం రాత్రుళ్లు కాపలా కాసి, ఆ నీళ్లతో నాలుగు నెలల్లో చేతికొచ్చే పంటే వేసుకుంటాడు.

రెండో దెబ్బ లోపలి నుంచి తగిలింది. మిల్లుకు కొండంత అండగా నిలిచిన సొంత పొలాలు ఒక్కో దఫా కొంతగా చేజారిపోయాయి. చిన్న పట్టాలు లేచిపోయాయి. యంత్రాలు పాతబడుతుంటే కొత్తవి పెట్టాల్సిన డబ్బు వేరే లెక్కల్లో కలిసిపోయింది. ఉమ్మడి కుటుంబంలో పంపకాలప్పుడు ఒకరు బావి తీసుకుని, ఒకరు ఎడ్లు తీసుకుని, ఒకరికి నాగలి మిగిలినట్టయింది. నాగలి పట్టుకున్నవాడికి వ్యవసాయం చేతకాలేదని ఊరంతా అంటుంది. నష్టాల ఫ్యాక్టరీ అన్న ముద్ర 1990ల్లో నిజాం షుగర్స్ మీద అట్లాగే పడింది. నష్టాలు అబద్ధం కాదు. నిర్వహణలో లోపాలు ఉన్నాయి, రాజకీయ సిఫారసుల నియామకాలు ఉన్నాయి, చెరకు తక్కువై మిల్లు సగం సామర్థ్యంతో ఆడిన ఏళ్లు ఉన్నాయి. కానీ నష్టం ఎక్కడ పుట్టిందో వెతకడానికి కాలువ దాకా నడిచినవాళ్లు లేరు.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. ప్రపంచ బ్యాంకు రుణాలతో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ రంగ సంస్థల సంస్కరణ మొదలైంది. ఇతర యూనిట్లు ఒక్కొక్కటే చేతులు మారాయి. 2002లో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లతో నిజాం దక్కన్ షుగర్స్ అనే ఉమ్మడి సంస్థ పుట్టింది. అందులో 51 శాతం డెల్టా పేపర్ మిల్స్‌ది, 49 శాతం ప్రభుత్వానిది. ఆస్తులను తక్కువ విలువకు ధారపోశారని కార్మిక సంఘాలు, రైతు సంఘాలు రోడ్డెక్కాయి. 2004లో ప్రభుత్వం మారాక శాసనసభా సంఘం వేశారు. అమ్మకాన్ని రద్దు చేసి ఫ్యాక్టరీని వెనక్కి తీసుకోవాలని ఆ సంఘం చెప్పింది. ఆ మాట కోర్టుల్లో, ఫైళ్లలో చిక్కుకుంది.

ఈ ఏళ్లన్నిటిలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఒకటుంది. 49 శాతం వాటా ఉన్న ప్రభుత్వం యజమాని కాదు, అట్లాగని పరాయిదీ కాదు. పైసలు రాని రైతు కలెక్టరాఫీసు ముందు కూర్చుంటే యాజమాన్యం వైపు వేలు చూపేవారు. యాజమాన్యాన్ని అడిగితే చెరకు లేదు, చక్కెర ధర లేదు అనేవారు. ఆ ఇద్దరి మధ్య రైతు ఏటా కొంచెం కొంచెంగా చెరకు తగ్గించుకుంటూ వచ్చాడు. ఈ ఏడు మూడెకరాలు, మరుసటేడు ఎకరం, ఆ తర్వాత కార్శి కూడా దున్నేసి వరి. ఎవరూ సమ్మె చేయలేదు, ప్రకటన ఇవ్వలేదు. ఇంటింటా అరుగుల మీద తీసుకున్న ఆ చిన్న నిర్ణయాలే మిల్లు మేతను తగ్గించాయి. మేత తగ్గిన మిల్లు ఇంకా నష్టపోయింది, నష్టపోయినందుకు ఇంకా ఆలస్యంగా చెల్లించింది.

తెలంగాణ ఉద్యమంలో శక్కర్‌నగర్ పొగగొట్టం పేరు ప్రతి సభలో వినిపించింది. మన ఫ్యాక్టరీని మనమే నడుపుకుందామన్న మాట ఎంతమంది కళ్లలో వెలుగు నింపిందో ఆ రోజుల్లో బోధన్‌లో ఉన్నవాళ్లకు తెలుసు. అధికారంలోకి వస్తే వంద రోజుల్లో స్వాధీనం చేసుకుంటామన్న హామీ ఉంది. 2014లో రాష్ట్రం వచ్చింది. వంద రోజులు దాటాయి. ఆ తర్వాత మహారాష్ట్రలో లాగా రైతులే సహకార సంఘంగా నడుపుకోవాలన్న ప్రతిపాదన వచ్చింది, రైతులను అక్కడికి తీసుకెళ్లి చూపించారు కూడా. మహారాష్ట్రలో ఆ సంఘాల వెనక అర్ధ శతాబ్దం పొదుపు, బ్యాంకు, నాయకత్వం ఉన్నాయి. ఇక్కడి రైతు కళ్ల ముందు సారంగాపూర్‌లో మూతపడిన నిజామాబాద్ సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉంది. అప్పులు, పాత యంత్రాలు, ఆగిపోయిన కాలువ అన్నీ కలిపి మీ భుజాన వేసుకోండి అంటే రైతు వెనకాడాడు. అది పిరికితనమని కొందరు రాశారు. నాకది అనుభవంగానే కనిపిస్తుంది.

2015 డిసెంబర్‌లో గేట్లు మూసుకున్నాక కార్మికులు నెలల తరబడి టెంటు వేసుకుని కూర్చున్నారు. 2019లో నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ ఫ్యాక్టరీ ఆస్తుల అమ్మకానికి ఆదేశించింది. దివాలా చట్టం 53వ సెక్షన్‌లో అప్పులు ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్న వరస రాసి ఉంది. ముందు అమ్మకం ఖర్చులు, తర్వాత కార్మికుల రెండేళ్ల జీతబాకీ, దాంతో సమానంగా తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు. మిల్లుకు సరుకు పోసి డబ్బు రావాల్సినవాళ్ల వంతు చాలా కింద వస్తుంది. ఏ మిల్లు దివాలా తీసినా చెరకు పోసిన రైతు ఆ కింది వరసలోనే నిలబడాలి. 14 రోజుల్లో చెల్లించాలన్న చట్టం కూడా దేశానిదే, ఈ చట్టం కూడా దేశానిదే.

ఆ నేల పంట మానలేదు. చెరకు పోయిన చోట వరి వచ్చింది, బోధన్ చుట్టూ రైస్ మిల్లులు లేచాయి. మిగిలిన కొద్ది చెరకు కామారెడ్డి వైపు ప్రైవేటు ఫ్యాక్టరీలకు లారీల్లో పోతోంది. ఆ కిరాయి రైతు ధరలో నుంచే తరుగుతుంది. యాసంగి వడ్లు ఎండ వేడికి మరలో నూకగా విరుగుతాయి గనుక ఉప్పుడు బియ్యం చేయాలి. 2021–22లో ఉప్పుడు బియ్యం ఇక తీసుకోబోమని కేంద్రం చెప్పినప్పుడు కొనుగోలు కేంద్రాల దగ్గర వడ్ల రాశులు వానకు తడిశాయి, మొలకలెత్తాయి. ఆర్మూరు వైపు పసుపు రైతు కథా దీనికి దూరం కాదు. కొమ్ము తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకు తెచ్చాక, ఇంకొంచెం ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా లారీ కట్టినవాళ్లున్నారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీలో నిలిచారు. వాళ్లలో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. గెలుస్తామని కాదు, తమ పంటకు ఒక వ్యవస్థ లేదని దేశానికి చెప్పడానికి వాళ్లు నామినేషన్లు వేశారు. 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. అందులో నాకు నిజమైన సంతోషం ఉంది. బోర్డు వచ్చిన చోట ఉడికించే యంత్రాలు, నాణ్యత పరీక్షించే ప్రయోగశాల, చల్లటి గోదాము, ఓడరేవు దాకా పోయే కంటెయినరు కూడా ఒకదాని వెనక ఒకటి రావాలి. ఒక్కటి తగ్గినా మిగతావి ఎట్లా కూలుతాయో పక్కనే బోధన్‌లో చూశాం.

2024 జనవరిలో కొత్త రాష్ట్ర ప్రభుత్వం నిజాం షుగర్స్ పునరుద్ధరణకు ఒక కమిటీ వేసింది. పాత యంత్రాలు పనికొస్తాయా, కొత్త మిల్లు పెట్టాలా, ఇథనాల్ కలిపితే గిట్టుబాటవుతుందా అన్న చర్చ జరుగుతోంది. ఇవి అవసరమైన ప్రశ్నలే. వాటికన్నా ముందుది ఇంకొకటుంది. మిల్లు నడవాలంటే వేల ఎకరాల్లో చెరకు కావాలి. విత్తన చెరకు పెంచి, నాటి, మొదటి కోత చేతికి రావడానికి తక్కువలో తక్కువ రెండు సీజన్లు పడుతుంది. అన్నాళ్లు నిజాంసాగర్ కాలువ నిక్కచ్చిగా పారుతుందని ఎవరో ఒకరు రాసివ్వాలి. పాన్‌మన్ల తరం చాలావరకు దాటిపోయింది, మళ్లీ నేర్పించాలి. చెరకు వేస్తామని రైతులు ముందుకొస్తే మిల్లు తెరుస్తామని అధికారులు అంటున్నారు. మిల్లు తెరిచి, కాటా పెట్టి, 14 రోజుల్లో పైసలు ఇచ్చే పూచీ చూపిస్తే చెరకు వేస్తామని రైతులు అంటున్నారు. ఒకసారి మోసపోయినవాళ్లనే మళ్లీ ముందు నడవమనడం న్యాయం కాదు. మొదటి అడుగు వేయాల్సింది ప్రభుత్వమే. ఆ అడుగు శక్కర్‌నగర్ గేటు దగ్గర కాకుండా కాలువ చివరి తూము దగ్గర పడాలి.